నోరు తెరిచి నిద్రపోయే పిల్లలు

(సొసైటీ వార్షిక సమావేశంలో ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద మా ఉపాధ్యాయులకు కాస్త సమయం ఇస్తారు. ఏటా మేము చదువు విలువ గురించి చెబుతాం, మీరు ఓపికగా వింటారు. ఈసారి ఆ సంగతి పక్కన పెట్టి పళ్ల గురించి, ముక్కు గురించి, గురక గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వు వస్తే నవ్వండి, ఫరవాలేదు. మేము డాక్టర్లం కాము. బి.ఇడి. చేసి పాతికేళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పుకుంటున్న వాళ్లం. జబ్బేమిటో తేల్చడం మా పని కాదు. కానీ ఇంట్లో వాళ్ల తర్వాత ఒక పిల్లవాడిని రోజుకు ఆరేడు గంటలు, ఏడాది పొడుగునా ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసేది మేమే. అలా చూసింది కొంత, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది కొంత, చదివింది కొంత కలిపి మీ ముందు పెడుతున్నాం.

ముందు మీ డబ్బు సంగతితోనే మొదలుపెడతాం. మీరిచ్చే స్కాలర్‌షిప్పులకు మార్కులు చూస్తారు. చూడాలి కూడా, అంతకంటే తేలికైన కొలత ఏముంది? అయితే ఆ జాబితా రాసేటప్పుడు ఎప్పుడూ పైకి రాని పేర్లు కొన్ని ఉంటాయి. ఒకటో తరగతి నుంచే వెనకబడిన పిల్లలు. ప్రోగ్రెస్ కార్డులో వాళ్ల పేరుకు ఎదురుగా "శ్రద్ధ లేదు", "కుదురు లేదు" అని ఉంటుంది. అందరి సంగతీ ఒకటే అనము. ఇంట్లో గొడవలున్న పిల్లలున్నారు, చూపు సరిగా లేని వాళ్లున్నారు, తిండి చాలని వాళ్లున్నారు. కానీ కొందరి విషయంలో ఆ "శ్రద్ధ లేదు" అన్న మాట వెనక చెడిపోయిన నిద్ర ఉంటుంది. చెడిపోయిన నిద్ర వెనక మూసుకుపోయిన ముక్కో, పెరిగిన టాన్సిల్సో, పుచ్చిన దవడ పన్నో ఉంటుంది. ఇవి వైద్యం ఉన్న బాధలు. వైద్యం ఉన్న బాధ వల్ల ఒక పేరు జాబితాలోంచి జారిపోవడం మాకు నచ్చడం లేదు.

అల్లాహ్ మనకు గాలి పీల్చుకోవడానికి ముక్కునిచ్చాడు. ముక్కులోంచి పోయే గాలి వెచ్చబడుతుంది, తడి పట్టుకుంటుంది, దుమ్ము చాలావరకు అక్కడే ఆగిపోతుంది. నోటితో పీల్చే గాలికి ఈ ఏర్పాటు లేదు. ముక్కుకు వెనక, కొండనాలుకకు పైన, నోరు తెరిచి చూసినా కనబడని చోట అడినాయిడ్ అనే మెత్తని కండ ఉంటుంది. గొంతుకు రెండు పక్కలా కనబడేవి టాన్సిల్స్. రెండూ క్రిములను అడ్డుకునే కాపలావాళ్లే. రెండేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల వయసులో ఇవి, పిల్లల చిన్న గొంతుతో పోల్చుకుంటే, పెద్దవిగా ఉంటాయి. ఆ తర్వాత మెల్లగా చిన్నబడతాయి. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో, దుమ్ము పడని పిల్లల్లో ఇవి ఇంకా ఉబ్బి, గాలి వెళ్లే దారికి అడ్డం పడతాయి.

మెలకువగా ఉన్నంతసేపు గొంతు కండరాలు ఆ దారిని బిగించి తెరిచి పట్టుకుంటాయి. నిద్రపట్టగానే అవి వదులవుతాయి. అసలే ఇరుకైన దారి ఇంకా ఇరుకవుతుంది. గాలి ఒరుసుకుంటూ పోతే వచ్చే చప్పుడే గురక. కాసేపు గాలి పూర్తిగా ఆగిపోతే దానికి డాక్టర్లు పెట్టిన పేరు స్లీప్ ఆప్నియా. ఊపిరి ఆగగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పిల్లవాడు ఒక్కసారి ఎగపీల్చి, పక్కకు దొర్లి, మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లారితే వాడికేమీ గుర్తుండదు. పక్కనే పడుకున్న తల్లికి కూడా తెలియకపోవచ్చు. పెద్దవాళ్లకు గంటకు నాలుగుసార్లు ఇలా జరిగినా మామూలుగానే లెక్కగడతారు. పిల్లల్లో గంటకు ఒకసారి మించినా మామూలు కాదంటారు. ఎనిమిది తొమ్మిది గంటలు పడుకున్నాడు కదా అని మనం అనుకుంటాం. పడుకున్నాడు, నిజమే. కానీ ఆ రాత్రంతా ఎవరో గంటగంటకూ భుజం తట్టి లేపినట్టే ఉంటుంది వాడి పరిస్థితి.

మన ఇళ్లలో చిన్నపిల్లవాడు గురక పెడితే "చూడు, ఎంత హాయిగా పడుకున్నాడో, అచ్చం వాళ్ల దాదా లాగే" అని మురిసిపోతాం. జలుబు చేసినప్పుడు నాలుగు రోజులు గురక వస్తే కంగారు పడక్కర్లేదు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులకు మించి గురక పెట్టే పిల్లవాడిని మాత్రం డాక్టరుకు చూపించాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా పిల్లలకు ఈ ఆప్నియా ఉండవచ్చు. మా బడి లెక్కలో చెప్పాలంటే నలభై మంది ఉన్న తరగతిలో ఒకరో ఇద్దరో.

మరి తరగతిలో వాళ్లు ఎలా కనిపిస్తారు? ఇక్కడే చాలామంది పొరపడేది. నిద్ర చాలని పెద్దవాళ్లు కునికిపాట్లు పడతారు. నిద్ర చాలని చిన్నపిల్లలు చాలాసార్లు దానికి ఉల్టాగా ఉంటారు. ఒకచోట కూర్చోరు, పక్కవాడిని గిల్లుతారు, చెప్పింది సగంలో వదిలేస్తారు, చిన్నదానికే ఏడుస్తారు. అల్లరి అని పేరు పడిపోతుంది. ఆ పిల్లవాడి ముఖం ఒకసారి నిదానంగా చూడండి. పెదాలు ఎప్పుడూ కొంచెం విడివడి ఉంటాయి, ఎండిపోయి పగిలి ఉంటాయి. కళ్ల కింద నలుపు. మాట ముక్కు మూసుకుని మాట్లాడినట్టు ఉంటుంది. పొద్దున్నే తలనొప్పి అంటాడు. అన్నం తినేటప్పుడు నమలడానికీ ఊపిరికీ నోరొక్కటే దారి కాబట్టి మధ్యమధ్యలో ఆగుతాడు. ఇంట్లో తల్లి చూడగలిగేవి వేరే ఉన్నాయి. మెడ వెనక్కి విరిచి పడుకోవడం, ఫ్యాను కింద కూడా తల చెమటతో తడిసిపోవడం, ఊపిరి తీసేటప్పుడు గుండె కింద గుంట పడటం, పెద్దయ్యాక కూడా పక్క తడపడం.

ఈ చివరిదాని గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర చదివిన ఒక పిల్లవాడికి హాస్టల్ బడిలో సీటు వచ్చింది. తండ్రి మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు, ఆ సీటు ఆ ఇంటికి ఎంత పెద్ద సంగతో మీకు తెలుసు. పదిహేను రోజులకల్లా పిల్లవాడు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాడు. ఎందుకొచ్చావంటే చెప్పడు. వాళ్ల అమ్మీ బడికి వచ్చి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, "రాత్రిపూట పక్క తడుపుతున్నాడు సార్, తోటి పిల్లలు నవ్వారంట" అంది. "గురక పెడతాడా అమ్మా?" అని అడిగితే ఆశ్చర్యపోయింది. "పెడతాడు సార్, కానీ దానికీ దీనికీ ఏం సంబంధం?" అంది. సంబంధం ఉంది. ఊపిరి ఆడని నిద్రలో మూత్రాన్ని ఆపే ఏర్పాటు కూడా దెబ్బతింటుంది. పక్క తడిపే ప్రతి పిల్లవాడికీ కారణం ఇదే అనలేం. ఈ పిల్లవాడి విషయంలో మాత్రం ఇ.ఎన్.టి. డాక్టరు ఎక్స్‌రే తీయించి అడినాయిడ్ బాగా పెరిగిందని చెప్పారు. ఆపరేషను అయింది. కొన్ని నెలలకు ఆ బాధ తగ్గింది. ఆ సీటు మాత్రం అప్పటికి వేరే వాళ్లకు వెళ్లిపోయింది.

వైద్యులు ఈ సంగతి ఈనాడు కనిపెట్టింది కూడా కాదు. 1889లోనే లండన్‌లో విలియం హిల్ అనే డాక్టరు, పిల్లలు చదువులో వెనకబడటానికి ముక్కు, గొంతు అడ్డంకులు కూడా ఒక కారణమని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1976లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో గిమినో అనే వైద్యుడి బృందం ఎనిమిది మంది పిల్లలను నిద్రలో పరీక్షించి, వాళ్లకు ఊపిరి ఆగుతున్న తీరును వివరంగా రాశాక గానీ ఇది పిల్లల జబ్బుల లెక్కలోకి రాలేదు. మధ్యలో ఎన్ని తరాల పిల్లలు మొద్దులని పేరు మోసుకుని బడి మానేశారో.

అలాగని గురక పెట్టే ప్రతి పిల్లవాడికీ కత్తి పెట్టించమని మేము చెప్పడం లేదు. 2013లో అమెరికాలో 464 మంది పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధన ఒకటి ప్రచురించారు. అందరూ ఐదు నుంచి తొమ్మిదేళ్ల లోపు వాళ్లు, అందరికీ ఆప్నియా ఉంది. సగం మందికి వెంటనే టాన్సిల్స్, అడినాయిడ్లు తీశారు, సగం మందిని కనిపెట్టుకుని ఉన్నారు. ఏడు నెలలకు చూస్తే ఆపరేషను అయిన వాళ్లలో నూటికి 79 మందికి నిద్రలో ఊపిరి మామూలు స్థితికి వచ్చింది. ఊరికే కనిపెట్టుకుని ఉన్నవాళ్లలో కూడా నూటికి 46 మందికి దానంతటదే సర్దుకుంది. ఆపరేషను అయిన పిల్లల ప్రవర్తన, పగటి హుషారు బాగా మెరుగైంది. అయితే పరీక్ష పెట్టి కొలిచిన ఏకాగ్రతలో మాత్రం రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది దాచిపెట్టకుండా చెబుతున్నాం, ఎందుకంటే ఆపరేషను చేయిస్తే మర్నాడే ఫస్టు ర్యాంకు వస్తుందని ఎవరూ అనుకోకూడదు. కొందరికి ముక్కులో కొట్టే స్ప్రే కొన్ని వారాలు వాడితే సరిపోతుంది. ఏది ఎవరికన్నది డాక్టరు తేల్చాలి. మనం చేయవలసింది డాక్టరు దాకా తీసుకెళ్లడం.

ఇక పళ్ల దగ్గరికి వద్దాం. పళ్లకూ ఊపిరికీ ఏమిటి చుట్టరికమని అడుగుతారు. మీ నాలుకను ఒకసారి అంగిలికి ఆనించి చూడండి. నోటికి అది పైకప్పు. దాని మీద ఉన్న గదే ముక్కు. అంటే ముక్కుకు నేల అదే. పై అంతస్తు వెడల్పు కింది అంతస్తు గోడల మీద ఆధారపడినట్టు, అంగిలి ఇరుకైతే ముక్కూ ఇరుకవుతుంది. ముక్కుతో ఊపిరి పీల్చే పిల్లల నాలుక అంగిలికి ఆని ఉండి, పై దవడ విశాలంగా పెరగడానికి సాయం చేస్తుంది. నోటితో పీల్చే పిల్లల నాలుక కిందికి జారి ఉంటుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే పై దవడ ఇరుకుగా, గోపురంలా ఎత్తుగా పెరగవచ్చు. పళ్లకు చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ముందు పళ్లు బయటికి వస్తాయి, ముఖం పొడుగ్గా సాగుతుంది. ముక్కు బాగా లేక దవడ చెడుతుంది, దవడ చెడినందుకు ముక్కు ఇంకా ఇరుకవుతుంది.

మన వాళ్లు ఎత్తుపళ్ల గురించి డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తారు? అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెట్టాక. అబ్బాయికైతే అసలు వెళ్లనే వెళ్లరు. నిజానికి అంగిలి ఎముక మధ్యలో ఒక అతుకు ఉంటుంది, అది చిన్నతనంలో ఇంకా గట్టిపడి ఉండదు. ఏడెనిమిదేళ్ల నుంచి పదమూడు, పద్నాలుగేళ్ల లోపు అయితే పళ్ల డాక్టరు ఒక పరికరం అమర్చి ఆ దవడను మెల్లగా వెడల్పు చేయగలరు. వయసు దాటాక అదే పని చాలా కష్టమవుతుంది. ఇరుకు దవడ ఉన్న వాళ్లకే ఇది, గురక పెట్టే పిల్లలందరికీ కాదు. వేలు చీకే అలవాటు నాలుగేళ్లు దాటినా మానకపోతే దవడ ఇలాగే ఇరుకు పడుతుంది.

పుచ్చుపళ్ల సంగతి మీకు కొత్త కాదు. కానీ "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అన్న మాట మాత్రం మనం మానుకోవాలి. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. వెనక దవడ పాలపళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లోనే ఉండాలి. అవి వెనక వచ్చే పళ్లకు చోటు కాపాడతాయి. ముందే పుచ్చి పీకేస్తే పక్క పళ్లు ఆ చోటులోకి వాలిపోయి, కొత్త పన్ను వంకరగా వస్తుంది. ఇంకొక సంగతి. ఆరేళ్ల వయసులో పాలపళ్లన్నిటికీ వెనక ఒక పెద్ద పన్ను కొత్తగా వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి చాలామంది తల్లులు అదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. మా మూడో తరగతి పిల్లల్లో ఆ పన్ను అప్పటికే నల్లబడిన వాళ్లు కనిపిస్తుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 51 కోట్ల మందికి పైగా పిల్లల పాలపళ్లు పుచ్చి ఉన్నాయి. ఇది అంత మామూలైపోయింది కాబట్టే ఎవరికీ పట్టదు.

పంటినొప్పి పగలు కన్నా రాత్రి ఎక్కువ బాధిస్తుంది. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ చేరుతుంది, పన్ను లోపల ఒత్తిడి పెరుగుతుంది, దృష్టి మళ్లించే ఆట పాట ఏమీ ఉండవు. చిన్నపిల్లవాడు పన్ను అని చెప్పలేడు, లేచి ఏడుస్తాడు. నానీ దిష్టి తీస్తుంది. తల్లి లవంగం నూనె రాస్తుంది. లవంగం నూనె తప్పు కాదు, ఆ పూటకు ఉపశమనం ఇస్తుంది, కానీ పుచ్చిన పన్ను బాగుపడదు. ఇక పాలసీసా. నిద్రపోయేటప్పుడు చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టి వదిలేస్తే పై ముందు పళ్లు మొత్తం కరిగిపోతాయి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పళ్లను కడిగేవాళ్లు ఎవరూ ఉండరు. నోరు తెరిచి పడుకునే పిల్లల్లో నోరు ఇంకా ఎండిపోతుంది కాబట్టి పుచ్చిపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది.

మిస్వాక్ అలవాటు మన వాళ్లలో ఉంది, నిద్ర లేవగానే మిస్వాక్ చేయడం సున్నత్ అని మన పిల్లలందరూ చెబుతారు. చాలా మంచి అలవాటు. మేము చెప్పేదల్లా, చిన్న పిల్లల చేత దవడ పళ్ల వెనక దాకా పుల్లతో శుభ్రం చేయించడం కష్టం కాబట్టి బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు కూడా ఉండాలని, అది ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు ఉండాలని. రాత్రి బ్రష్ చేశాక ఛాయ్-బిస్కెట్లు ఇవ్వొద్దు. ఏడేళ్ల లోపు పిల్లలకు పెద్దవాళ్లే తోమాలి.

ఇంతసేపూ పిల్లల గురించి చెప్పాం. ఇప్పుడు ఈ కుర్చీల్లో కూర్చున్న పెద్దల గురించి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో మన దేశంలో జరిగిన పరిశోధనలన్నీ కలిపి లెక్కవేస్తే, పనిచేసే వయసులో ఉన్న వాళ్లలో పది కోట్లకు పైగా మందికి స్లీప్ ఆప్నియా ఉండవచ్చని తేలింది. మెడ చుట్టుకొలత మగవాళ్లకు 17 అంగుళాలు, ఆడవాళ్లకు 16 అంగుళాలు దాటితే అనుమానించాలంటారు. లావుగా లేనంత మాత్రాన మనకు రాదని కాదు. ఆసియా వాళ్లలో దవడ నిర్మాణం వల్ల సన్నగా ఉన్నవాళ్లకు కూడా ఇది వస్తుంది. మూడు మందులు వాడుతున్నా బి.పి. అదుపులోకి రావడం లేదంటే గురక సంగతి డాక్టరుకు చెప్పండి. ఆడవాళ్లు గురక ఉందని చెప్పుకోరు, "ఒళ్లంతా నీరసం, నిద్ర పట్టదు" అంటారు. నెలసరి ఆగిన తర్వాత వాళ్లలోనూ ఈ బాధ పెరుగుతుంది.

మన సముదాయంలో లారీ, బస్సు, ఆటో, టాక్సీ తోలేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆప్నియా ఉన్న డ్రైవర్లకు ప్రమాదం జరిగే అవకాశం మామూలు వాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. స్టీరింగు ముందు రెప్ప వాలడానికి ఒక్క క్షణం చాలు. ప్రమాదంలో పోయినవాళ్ల కుటుంబాలకు ఈ సొసైటీ సాయం చేస్తూనే ఉంది. బతికున్న డ్రైవరు నిద్రను పరీక్ష చేయించడం కూడా సాయమే కదా. దీనికి సీప్యాప్ అనే యంత్రం ఉంది. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ అనే డాక్టరు కనిపెట్టారు. ముక్కుకు తొడుగు పెట్టి గాలిని మెల్లగా పంపి, గొంతు మూసుకుపోకుండా చూస్తుంది.

పళ్ల డాక్టరు చేసే సాయం కూడా ఉంది. ఆప్నియా మరీ ఎక్కువగా లేని పెద్దవాళ్లకు, కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచే పరికరం అచ్చు తీసి తయారుచేస్తారు. దవడ ముందుకొస్తే నాలుక కూడా ముందుకొస్తుంది, వెనక దారి తెరుచుకుంటుంది. కానీ ఆ పరికరం పట్టుకోవడానికి నోట్లో గట్టి పళ్లు ఉండాలి. చిగుళ్ల జబ్బుతో పళ్లు కదిలిపోతున్న వాళ్లకు అది పనికిరాదు. జర్దా, గుట్కా నమిలే వాళ్లకు ఇంకో కష్టం. ఏళ్ల తరబడి నమిలితే నోటి లోపలి పొర గట్టిపడి నోరే తెరుచుకోకుండా పోతుంది. నోరు తెరవలేని మనిషికి ఏ డాక్టరైనా ఏం అమర్చగలరు?

పళ్ల సెట్టు పెట్టుకున్న పెద్దవాళ్లు దాన్ని రాత్రి తీసి నీళ్లలో వేసి పడుకోవాలి. ఎనభై ఐదేళ్లు దాటిన వృద్ధుల మీద జపాన్‌లో జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, సెట్టు పెట్టుకునే పడుకునే వాళ్లకు న్యుమోనియా వచ్చే అవకాశం రెండు రెట్లకు పైగా ఉందని తేలింది. ఫజ్ర్‌కు లేచేటప్పుడు కనబడదేమోనని సెట్టు పెట్టుకునే పడుకునే దాదాజీలు మాకు తెలుసు. మంచం పక్కన మూతున్న డబ్బా ఒకటి పెట్టండి, చాలు.

ఇళ్లలో మనం మార్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పిల్లలు పడుకునే గదిలో బీడీ, సిగరెట్టు వద్దు. దోమల చుట్ట కాల్చి తలుపులు మూసి పడుకోవద్దు, దోమతెర కట్టండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. పెళ్లిళ్లకు, వలీమాలకు భోజనాలు రాత్రి పదకొండింటికి మొదలుపెట్టే ఆనవాయితీని పెద్దలే మార్చాలి, మేము చెబితే ఎవరు వింటారు? రంజాన్ నెలలో సహరికి లేచే పిల్లలకు మధ్యాహ్నం బడి అయ్యాక కాసేపు పడుకునే వీలు కల్పించండి. ఇంకొకటి, ఈమధ్య ఫోన్లలో చూసి నోటికి టేపు అంటించుకుని పడుకుంటున్నారు. ముక్కు మూసుకుపోయిన పిల్లవాడి నోటికి టేపు వేస్తే ఊపిరి ఎటునుంచి ఆడాలి? దయచేసి అటువంటివి చేయొద్దు.

ఎక్కడికి వెళ్లాలి అని అడుగుతారు. కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వైద్య బృందాలు వస్తాయి. పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు ఉచితంగా పరీక్ష చేసి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు, పళ్లు కూడా అందులో ఉన్నాయి. ఆ రోజున పిల్లలను బడి మాన్పించకండి. విజయవాడ, కడప, హైదరాబాద్‌లలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. ముక్కు, గొంతు కోసం హైదరాబాద్ కోఠీలోనూ, విశాఖపట్నంలోనూ ప్రత్యేకంగా ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రులే ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో ఇ.ఎన్.టి. డాక్టర్లు ఉంటారు.

ఆసుపత్రి ఉచితమే అయినా వెళ్లని వాళ్లెందుకు ఉన్నారో మాకు తెలుసు. బీడీలు చుట్టే తల్లి, ఇళ్లలో పనిచేసే తల్లి పరీక్షకొక రోజు, రిపోర్టుకొక రోజు, ఆపరేషనుకు మూడు రోజులు పని మానుకోవాలి. ఆ ఐదు రోజుల కూలి ఎవరిస్తారు? బస్సు చార్జీలు, ఆసుపత్రి దగ్గర తిండి ఉండనే ఉన్నాయి. అందుకని "వేసవి సెలవుల్లో చూద్దాం సార్" అంటుంది. వేసవి వస్తుంది, పోతుంది. ఇక్కడ కూర్చున్న దాతల నుంచి మేము ఆపరేషను ఖర్చు అడగడం లేదు. పోయే ఆ కూలిని అడుగుతున్నాం. జకాత్‌కు అర్హులైన కుటుంబాలే ఇవి చాలావరకు. సొసైటీ చిన్న నిధి ఒకటి విడిగా పెట్టి, ఆసుపత్రి చీటీ చూపిన తల్లికి ఆ రోజుల కూలి, చార్జీలు ఇస్తే సరిపోతుంది.

మీరు ఏటా కంటి శిబిరం పెడుతున్నారు, ఖత్నా క్యాంపు పెడుతున్నారు. వచ్చే శిబిరానికి ఒక పళ్ల డాక్టరును, ఒక ఇ.ఎన్.టి. డాక్టరును కూడా పిలవండి. రెండు కుర్చీలు, ఒక టార్చిలైటు అదనం. ఏ పిల్లలను ముందు చూపించాలో మేము చీటీలు రాసి పంపుతాం.

స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారంలో తండ్రి ఆదాయం తర్వాత కాస్త ఖాళీ ఉంది. అక్కడ మూడు ప్రశ్నలు అచ్చు వేయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాం. జలుబు లేకపోయినా గురక పెడతాడా? నోరు తెరిచి పడుకుంటాడా? పంటినొప్పితో రాత్రి లేస్తాడా? అవునని రాసిన పిల్లలకు మార్కులు తక్కువున్నా ఆ సంవత్సరానికి పేరు కొట్టేయకుండా పక్కన ఉంచండి. డాక్టరుకు చూపించి, ఏడాది చూసి, అప్పుడు నిర్ణయించండి. జూన్‌లో కొత్త ఫారాలు అచ్చుకు వెళ్తాయని సెక్రటరీ గారు చెప్పారు. ఆ లోపు ఈ మూడు వాక్యాలు తెలుగులోనూ, ఉర్దూలోనూ రాసి ఇచ్చే పని మాది.